అరటిచెట్టుకు అరపేజీ

గణితంలో సర్వే పేపర్ అనేది ఒకటుంది. అందులో కొత్తగా ఏమీ కనిపెట్టరు. ఒక విషయం మీద ఇంతవరకూ ఎవరెవరు ఏమేం చేశారో చదివి, వడగట్టి, ఆ విషయంతో పరిచయం లేని మనిషికి కూడా అర్థమయ్యేలా రాస్తారు. మావాళ్లలో దీనికి పెద్ద మర్యాద లేదు. సొంత సిద్ధాంతం లేనివాళ్లు రాసుకునేదని ఒక చులకన. ప్రమోషన్ దగ్గర కూడా దాన్ని ఎవరూ పట్టించుకోరు. రాయమని నన్ను అడిగేదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని.

అడిగింది ఒక గణిత పత్రిక ఎడిటర్. ఎమ్మెస్సీ పిల్లలూ, కాలేజీల్లో పాఠాలు చెప్పుకునే మాలాంటివాళ్లూ చదివే ఆన్‌లైన్ పత్రిక అది. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు, ఈమెయిళ్లలోనే పరిచయం. మీ రంగం పేరు కూడా విననివాళ్లు మొదలుపెట్టినా చివరిదాకా పోగలగాలి, మధ్యలో ఎక్కడా చెయ్యి వదలకండి అని రాసింది. ఎంత పని, నెలలో ఇచ్చేస్తానన్నాను. ఏడాదిన్నర పట్టింది.

నేను ప్రొద్దుటూరులో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా రంగం గురించి చెప్పడం సులువే. కాగితం మీద కొన్ని చుక్కలు పెట్టి గీతలతో కలపండి. ముగ్గు అనుకోవద్దు. ముగ్గులో గీత తిరిగి తిరిగి మొదటికొస్తుంది, ఇక్కడ అలా రాకూడదు, కొమ్మలు చీలుకుంటూ పోవాలంతే. అందుకే ఈ బొమ్మల్ని చెట్లు అంటాం. ప్రతి చుక్కకూ సున్నా గానీ ఒకటి గానీ వేయాలి. గీత రెండు కొసల్లో ఒకే అంకె ఉంటే ఆ గీతకు సున్నా, వేరువేరుగా ఉంటే ఒకటి. చివరికి సున్నాలూ ఒకట్లూ చుక్కల్లోనూ, గీతల్లోనూ సరిసమానంగా రావాలి, మహా అయితే ఒకటి తేడా. ఇంకో రెండు షరతులున్నాయి, చిక్కంతా వాటితోనే గానీ ఇక్కడ వాటి అవసరం లేదు. ఫలానా ఆకారం చెట్టుకు ఇలా అంకెలు కుదురుతాయని నిరూపించడం మా పని. ఆకారాలకు పేర్లున్నాయి. దువ్వెన, గొంగళిపురుగు, సాలీడు, టపాకాయ. ఆకారానికొక పేపరు, పేపరుకొక ప్రమోషను. దేశమంతా కలిపినా ఒక కల్యాణమండపంలో పట్టేంతమందిమే ఉంటాం.

అరటిచెట్టు మా సార్‌ది.

సార్ అంటే నాకు పీహెచ్‌డీ చేయించిన గైడు. పులివెందుల దగ్గర భూములున్న కుటుంబం వాళ్లది. అన్నదమ్ములు తోటలూ, ఊరి రాజకీయాలూ చూసుకుంటుంటే ఈయన చుక్కలూ గీతలూ చూసుకున్నారు. అరటిచెట్టు ఆకారంలో నడుమ ఒక చుక్క ఉంటుంది. దాని చుట్టూ గుత్తులుంటాయి, గుత్తి అంటే ఒకే చుక్కకు తగులుకొని ఉన్న కొన్ని కొస చుక్కలు. ఒక్కో గుత్తి నుంచి ఒక్కో కొసను నడిమి చుక్కకు కలుపుతాం. దానికి అంకెలు కుదురుతాయని నిరూపించడానికి ఆయన ఉద్యోగకాలంలో సగం పోయింది. గుత్తులు సరిసంఖ్యలో ఉంటే ఒక దారి, బేసిసంఖ్యలో ఉంటే ఇంకో దారి, ఆ బేసిలో మళ్లీ రెండు రకాలు. చివరి రకం ఒక్కటే ఆయన్ని కొన్నేళ్లు తిప్పలు పెట్టింది. ఆ పేపర్ అచ్చయినప్పుడు తోటలో పనివాళ్లకు కూడా స్వీట్లు పంచారట. నా పీహెచ్‌డీ టపాకాయ మీద. ఆయన పద్ధతి పట్టుకొని చేసిందే, అరటిచెట్టు లేకపోతే అదీ లేదు.

ఇప్పుడాయన రిటైరై పులివెందులలోనే ఉన్నారు. షుగరుతో చూపు మందగించింది. సర్వే సంగతి ఫోన్లో చెబితే ఎన్ని పేజీలన్నారు. తర్వాత, మన అరటిచెట్టుకు ఒక సెక్షన్ ఇస్తావు గదా అని అడిగారు. ఇస్తాను సార్ అన్నాను. ఆయన పేపర్ వచ్చిన పత్రిక ఎప్పుడో మూతపడింది. ఇంటర్నెట్‌లో వెతికినా దొరకదు. ఈ సర్వేలో చోటు దొరక్కపోతే ఆ సిద్ధాంతం ఇక ఎవరి కంటా పడదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయన భార్య ఫోన్ చేసి, సార్ పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగింది. పుస్తకం కాదమ్మా, వ్యాసం, అందులో సార్ గురించి ఒక భాగం అన్నాను. అదేలే అంది.

మొదటిసారి రాసింది వేసవి సెలవుల్లో. ఫలానావారు దువ్వెనకు నిరూపించారు. ఫలానావారు రెండు దువ్వెనల్ని అతికించి నిరూపించారు. ఫలానావారూ వారి శిష్యురాలూ దువ్వెన పళ్లను పొడవు చేసి నిరూపించారు. ఇలా ఎవర్నీ వదల్లేదు. వదిలితే ఊరుకునే రకాలు కాదు మావాళ్లు. కాన్ఫరెన్సులో పేపర్ చేతికిస్తే ముందు చివరి పేజీ తిప్పి రిఫరెన్సుల్లో తమ పేరుందో లేదో చూసుకుంటారు. ఉంటేనే మొదటి పేజీకొస్తారు. రేపు నా పేపర్లు పరీక్షించేదీ వాళ్లే. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో వాక్యం, పెద్దవాళ్లకు రెండేసి వాక్యాలు పడేశాను. సార్‌కు పూర్తి సెక్షన్. బరువైన వ్యాసం తయారైంది. నాకు బాగానే ఉందనిపించింది.

దాన్ని మా అన్న దగ్గరికి తీసుకెళ్లాను. అన్న జమ్మలమడుగులో హైస్కూల్లో లెక్కల మాస్టరు. మా ముత్తాత మిషన్ బడిలో చదువుకొని అక్కడే పంతులయ్యాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో తరానికి ఒకరిద్దరు పాఠాలు చెబుతూనే ఉన్నారు. లెక్కలు బాగా వచ్చి, మా రంగం బొత్తిగా తెలియని మనిషి అన్న. నాకు కావలసిన చదువరి సరిగ్గా అలాంటివాడే. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, కూర ఉడికేలోగా చూస్తానని కాగితాలు తీసుకున్నాడు. ఎక్కడ విసుగొస్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టమన్నాను. రెండో పేజీలోనే పెట్టాడు. ఆ తర్వాత పేజీలు తిప్పాడు గానీ చదవలేదు.

"ఇది పెండ్లికార్డు మాదిరి ఉండాది పాపా," అన్నాడు. నాకు యాభై దగ్గరపడినా వాడికి పాపనే. "పిల్చేటోళ్ల పేర్లన్నీ ఉండాయి. పెండ్లి ఎవురిదో తెలీడంల్యా."

మా వైపు పెండ్లికార్డు అంటే చిన్న సంగతి కాదు. చిన్నాయనలు, మేనమామలు, బావమరదులు, ఊళ్లో పరపతి ఉన్న పెద్దలు, అందరి పేర్లూ పడాలి. ఎవరి పేరు ఎవరి కింద పడిందన్నది కూడా చూస్తారు. ఒక పెదనాయన పేరు మర్చిపోయి అచ్చు వేయించిన పాపానికి రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయిన సంగతి మా వీధిలోనే ఉంది. కార్డు అచ్చుకిచ్చేముందు పెద్దవాళ్లు కూర్చొని ఆ వరసంతా తేల్చేసరికి సంబంధం కుదిర్చినప్పటికంటే ఎక్కువ అలిసిపోతారు. నేను సర్వే పేపర్‌ను కూడా అచ్చం అలాగే రాశాను. ఇంకో ప్రాంతం మనిషైతే ఇలా రాసేవాడో కాదో చెప్పలేను. అన్న ముందు నవ్వేశాను. కోపం బస్సులో, ప్రొద్దుటూరు దగ్గరికొచ్చాక వచ్చింది. ఎవరి మీదో తేల్చుకునేలోపే దిగాల్సిన చోటొచ్చింది.

పెండ్లి ఎవరిదో తెలుసుకోవాలి గదా. అసలు ఈ అంకెలు వేయడం ఎవరికి, ఎందుకు అవసరమైంది? ఇన్నేళ్లూ నేనెప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. సార్ ఆకారం ఇచ్చారు, నేను అంకెలు వేశాను. ఇప్పుడు కూర్చొని మా రంగం బయట వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలోనే అది దొరికింది.

మావాళ్లు రాసింది కాదది. కంప్యూటర్ నెట్‌వర్కుల మీద పనిచేసే ఎవరో, మా ఊసే తెలియకుండా, తమ అవసరానికి రాసుకున్న చిన్న పేపర్. చుక్కల్ని యంత్రాలన్నారు. గీతల్ని తీగలన్నారు. మూడో పేజీకొచ్చేసరికి అది మా సమస్యేనని తెలిసింది. షరతులూ అవే. వాళ్లు నిరూపించింది ఏమిటంటే, ఏ చెట్టుకైనా అంకెలు కుదురుతాయి. దువ్వెనకు వేరే, సాలీడుకు వేరే కాదు. ఏ చెట్టుకైనా.

ఉపాయం చిన్నదే. ఎంత పెద్ద చెట్టునైనా కొస చుక్కల్ని రెండేసి చొప్పున తుంచుకుంటూ పోతే చివరికి మిగిలేవి కొన్ని చిన్న బొమ్మలు. వాటికి చేత్తోనే అంకెలు వేసేయొచ్చు. తుంచినవాటిని తిరిగి అతికించేటప్పుడు ఒకదానికి సున్నా, రెండోదానికి ఒకటి వచ్చేలా చూసుకుంటే లెక్క చెడదు. ఆ రెండు పాడు షరతులు కూడా చెడకుండా ఉండాలంటే ఏ రెండింటిని తుంచాలన్నది ఎంచుకోవడంలోనే ఉంది వాళ్ల తెలివంతా.

ఆ రోజు నాకు ఇన్విజిలేషన్ డ్యూటీ. హాల్లో పిల్లలు రాసుకుంటున్నారు. నేను ఒక కాగితం వెనక అరటిచెట్టు గీసి, ఆ ఉపాయం దాని మీద వేసి చూశాను. అరపేజీలో వచ్చేసింది. నా టపాకాయ అంతకంటే తక్కువలో వచ్చింది. వెనక బెంచీలో ఒకమ్మాయి అడిషనల్ షీట్ అడిగితే వెళ్లి ఇచ్చి సంతకం పెట్టాను. ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. అసూయ లేదు, భయం లేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఎట్లుంటుందో అట్లుంది. వేలితో తాకితే చెంప ఉందని తెలుస్తుంది, అంతే. బెల్లు కొట్టాక పేపర్లు లెక్కచూసి అప్పజెప్పి, ఇంటికెళ్లి పప్పుకు తాలింపు పెట్టాను.

ఆ మొద్దుబారడం ఆ రోజుతో పోతుందనుకున్నాను. పోలేదు. వాళ్ల నిరూపణలో తప్పుందేమోనని వారాల తరబడి వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే సంతోషించేదాన్నా అంటే అదీ చెప్పలేను. కాలేజీలో క్లాసులు తీసుకుంటూనే ఉన్నాను, స్టాఫ్‌రూములో జోకులకు నవ్వుతూనే ఉన్నాను. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసొచ్చిన నా భర్తకు సంగతి చెబితే, అయితే ఇప్పుడు జీతమేమన్నా తగ్గిస్తారా అన్నాడు. లేదన్నాను. ఇంకేం మరి అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. నాకు కూడా అంతకంటే ఎక్కువేమీ అనిపించడం లేదు గదా.

సార్ మాత్రం ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మన సెక్షన్ ఎంతవరకొచ్చింది అనేవారు. రాస్తున్నాను సార్ అనేదాన్ని. ఇది ఫోన్లో చెప్పే మాట కాదనుకున్నాను. ముఖం చూసి చెప్పాలనుకున్నాను. చెప్పడానికి ముందు వ్యాసం ఒక ఆకారానికి రావాలనీ అనుకున్నాను. ఇవన్నీ నిజాలే.

రెండోసారి మొదట్నుంచీ రాశాను. మనసు మొద్దుబారి ఉంటే రాయడంలో ఒక సౌకర్యం ఉందని అప్పుడు తెలిసింది. ఎవరేమనుకుంటారో అన్న బెరుకు పోయింది. మొదటి పేజీలో ఎవరి పేరూ లేదు. ఒక చిన్న చెట్టు గీసి, మీరే అంకెలు వేసి చూడండి అని రాశాను. తర్వాత కాస్త పెద్ద చెట్టు, అక్కడ చదువరి ఇరుక్కుపోతాడు. ఇరుక్కోవాలి కూడా. ఎందుకు ఇరుక్కున్నాడో రెండు వాక్యాల్లో చెప్పి, అప్పుడు తుంచడం గురించి ఎత్తుకున్నాను. నిరూపణను ముందుగానే చెప్పేస్తే పాఠం చెప్పినట్టుంటుంది గానీ అవసరం పుట్టదు. ఇరవై ఏళ్లు క్లాసులో ఈ పనే చేశాను, కాగితం మీద చేయొచ్చని మాత్రం తోచలేదు. మళ్లీ వాడని మాటకు నిర్వచనం ఇవ్వలేదు. చూడ్డానికి గొప్పగా ఉన్నా తర్వాత అక్కరకురాని సిద్ధాంతాలన్నీ తీసేశాను. అలా తీసేసినవాటిలో నా టపాకాయ ఒకటి. దాన్ని అభ్యాసాల్లో నాలుగో లెక్కగా పెట్టాను. నా పేరు కూడా లేదు. సొంతది తీసేయడం సులువుగానే అయిపోయింది.

అరటిచెట్టు దగ్గరే చెయ్యి ఆగింది. మాటిచ్చాను కాబట్టి పూర్తి సెక్షన్ రాశాను, సార్ దారిలోనే, సరి, బేసి, బేసిలో రెండు రకాలు, అన్నీ. దాన్ని ఎక్కడ పెట్టాలి? అన్ని చెట్లకూ చెప్పే నిరూపణకు ముందు పెడితే, చదువరి ఆ కష్టమంతా పడి వచ్చాక ఇదంతా అక్కర్లేదు అని చెప్పినట్టవుతుంది. తర్వాత పెడితే, పంక్తి లేచిపోయి ఆకులు తీసేశాక ఒక్కరికి మళ్లీ విస్తరి వేసినట్టుంది. అడుగున చిన్న అక్షరాల్లో పెడదామా అంటే అంతకంటే అవమానం ఉండదు. చివరికి తర్వాతే పెట్టి అన్నకిచ్చాను.

ఈసారి అన్న పెన్సిలు చాలాసేపు పైకి లేవలేదు. మధ్యలో ఒకచోట నవ్వుకున్నాడు కూడా, ఇరుక్కుపోయే చెట్టు దగ్గర. నాకు ఆ నవ్వు గుర్తుంది. అరటిచెట్టు సెక్షన్ మొదటి పేరాలోనే గీత పడింది.

"అన్ని చెట్లకూ అయిపాయ గదా," అన్నాడు. "మళ్లా ఈ ఒక్కదానికి యాల?"

అది సార్ జీవితమంతా చేసిన పని అని చెప్పాను. అన్నకు సార్ తెలుసు, నా పెళ్లికి వచ్చి ముందు బెంచీలో కూర్చున్న మనిషి. పెన్సిలు కింద పెట్టి, "అట్లయితే ఉండనీలే, పెద్దాయన," అన్నాడు. దాంతో నాకు తేలిపోయింది. చదివేవాళ్లందరూ ఆ సెక్షన్ దగ్గరికొచ్చి ఇదే మాట అనుకుంటారు, ఉండనీలే అని జాలిపడి పేజీలు తిప్పేస్తారు. ఆయన్ని అట్లా చూడనివ్వడం నాకిష్టం లేకపోయింది. ఆ సెక్షన్ తీసేశాను. దాని బదులు నిరూపణ అయిన వెంటనే మొదటి ఉదాహరణగా అరటిచెట్టును పెట్టాను. నిజానికి ఆ ఉపాయం అరటిచెట్టులో కనిపించినంత తేటగా ఇంకే ఆకారంలోనూ కనిపించదు. గుత్తి కొసలు రెండేసి తుంచుకుంటూ పోవడమే. అరపేజీ. చివర్లో చరిత్ర చెప్పే పేరాలో, ఈ ఆకారానికి మొదట నిరూపించినవారు ఫలానావారు అని ఒక్క వాక్యం రాసి సార్ పేరు పెట్టాను.

పంపే ముందు ఆయనకు చూపించాలని పులివెందుల వెళ్లాను. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించాను. యర్రగుంట్ల దాటి వీరపునాయునిపల్లె మీదుగా వేంపల్లె దాకా, ఎట్లా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. సార్, ఒక సంగతి. సార్, మనవాళ్లు కాదు గానీ బయటివాళ్లు ఒకరు. ఏదీ నోటికి కుదరలేదు. వాళ్లింటికి వెళ్లాక, కాళ్లు కడుక్కొని, కుర్చీలో కూర్చున్న ఆయన చేతికి కాగితాలిచ్చి, మీరు చదవండి సార్, తర్వాత మాట్లాడదాం అన్నాను. ఆయన ఒక స్కేలు తెప్పించుకున్నారు. పంక్తి కింద స్కేలు పెట్టి, దాన్ని దించుకుంటూ చదువుతారు ఇప్పుడు.

నేను వంటింట్లోకి వెళ్లాను. అమ్మ, అంటే ఆయన భార్య, నేను అమ్మా అనే పిలుస్తాను, జొన్నరొట్టె చేసి చెనిక్కాయల పొడి వేసి పెట్టింది. అచ్చయినాక ఎన్ని కాపీలు ఇస్తారని అడిగింది. తోటలు చూసుకునే మరుదులకు తలా ఒకటి ఇవ్వాలట. ఇన్నేళ్లూ ఈయన ఏం చేశాడని వాళ్లు నవ్వుతూ అడిగేవాళ్లట, నవ్వుతూనే గానీ అడిగేవాళ్లట. ఒకటి మాత్రం పటం కట్టించి ముందు గదిలో పెడతానంది. అది ఫోన్లో చూసుకునేదమ్మా, కాగితం మీద రాదు అన్నాను. ప్రింటు తీస్తే వస్తాది గదా అంది. వస్తుందన్నాను. రొట్టె బాగుంది. రెండోది కూడా తిన్నాను. తింటున్నందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది.

సార్ పిలిచారు. వెళ్లేసరికి పేపరు అంచున మొదటి చెట్టు గీసి, అంకెలు వేసుకొని ఉన్నారు. నేను చదువరిని ఇరికించిన చోట ఆయనా ఇరుక్కుపోయి, కొట్టివేసి, మళ్లీ వేసుకున్నారు. ఇప్పుడు నిరూపణ మధ్యలో ఉన్నారు. అతికించే దగ్గర ఒక మెట్టు అడిగారు. పక్కన కూర్చొని చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. తర్వాత అరటిచెట్టు గీశారు. గుత్తులు బేసిసంఖ్యలో గీశారు. ఒక్కో గుత్తిలో కొసలు కూడా బేసిసంఖ్యలోనే పెట్టారు. ఆయన్ని కొన్నేళ్లు తిప్పలు పెట్టింది ఆ రకమే. తుంచడం మొదలుపెట్టారు. రెండు, మళ్లీ రెండు. పెన్సిలు ఆగలేదు. చివరికి చిన్న బొమ్మ మిగిలింది.

"ఆ కేసు రానే రాదా?" అని అడిగారు.

రాదు సార్ అన్నాను. తుంచుకుంటూ పోతే అది వేరే కేసుగా మిగలదు అన్నాను. నాకు అప్పుడు ఆ కాగితం లాగేసుకొని దాచేయాలనిపించింది. ఇన్ని నెలల్లో ఏదన్నా అనిపించడం అదే మొదటిసారి. అది కూడా కొద్దిసేపే.

అమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు కింద పెట్టకుండానే, మీ పేరు యాడుండాది, చూపియ్యండి అంది. సార్ కాగితాలన్నీ తిప్పి చివరి పేజీలో వేలు పెట్టారు. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు గానీ ఆయన పేరు ఆకారం గుర్తుపడుతుంది. పేరు చూసింది. దాని ముందూ వెనకా చూసింది. పై పేజీ తిప్పి చూసింది. నా వైపు చూసింది. అమ్మా, ఇదేమంటే, అని మొదలుపెట్టాను. లెక్కలు రాని పిల్లలకు కూడా లెక్కలు చెబుతానని నాకు పేరుంది. ఆ వాక్యం మాత్రం ముందుకు పోలేదు. అప్పుడు సిగ్గేసింది.

సార్ మళ్లీ స్కేలు తీసుకొని ఆగిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టారు. నేనూ, అమ్మా అక్కడే ఉన్నాం. అభ్యాసాలు కూడా వదలకుండా చదివారు. నాలుగో లెక్క దగ్గర తలెత్తి, ఇది నీది గదా అన్నారు. అవునన్నాను. చరిత్ర పేరాలో తన పేరున్న వాక్యం దాటేటప్పుడు స్కేలు ఆగలేదు, మిగతా పంక్తులకు ఎంతసేపు పట్టిందో దానికీ అంతే. అయిపోయాక కళ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నారు. చదివితే ఆయన కండ్లకు నీళ్లొస్తాయి, అంతకుముందు కూడా తుడుచుకుంటూనే ఉన్నారు.

"శానా బాగా రాసినావుమ్మా," అన్నారు. "యాడా ఆగల్యా నేను. నేను చిన్నోన్నప్పుడు ఎవురన్నా నాకు ఇట్లాంటిది రాసిచ్చింటే, ఆ పని పెట్టుకునేవాన్నే కాదు."

"ఏ పని?" అంది ఆమె.

"నేను జేసిందంతా," అన్నారు. కాగితాల అంచులు మోకాలి మీద తట్టి సరిచేసి, స్కేలు తీసి పక్కన పెట్టి, వాటిని నా చేతికిచ్చారు. "పంపిచ్చు. ఆలీసం జేయాకు."

సరే సార్ అన్నాను.